ఖాళీ బెంచీల గుడిలో మా బాబుకి మొదటి సత్ప్రసాదం ఇప్పించాలా?

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది గుంటూరు జిల్లాలో ఒక కథోలిక పల్లె. నర్సుగా ఐర్లండ్ వచ్చి ఏడేళ్ళయింది. కథోలిక దేశానికి వెళ్తున్నానని మా అమ్మ పొంగిపోయి గుణదల కొండెక్కి కొవ్వొత్తి వెలిగించి వచ్చింది. ఇక్కడ చూస్తే మూడు వందల మంది పట్టే గుడిలో ఆదివారం పూజకి నలభై మంది కూడా ఉండరు. సగం మంది మలయాళీలు, ఫిలిప్పినోలు. మిగిలినవాళ్ళు డెబ్బై దాటిన ఐరిష్ పెద్దలు. పూజ చేసే ఫాదర్‌గారు కూడా మన దేశం నుంచి వచ్చినాయనే. మా బాబు రెండో క్లాసు. వచ్చే మే నెలలో బడిలో అందరితోపాటు మొదటి సత్ప్రసాదం (ఫస్ట్ కమ్యూనియన్) తీసుకోవాలి. నాతో డ్యూటీ చేసే ఐరిష్ స్నేహితురాలు, "వాళ్ళు చేసినవన్నీ తెలిసి కూడా నీ కొడుకుని ఎలా పంపిస్తున్నావు?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. మావారు "ఎందుకొచ్చిన టెన్షన్, మానేద్దాం" అంటున్నారు. అమ్మేమో ఫోన్లో "అక్కడికెళ్ళి విశ్వాసం పోగొట్టుకున్నారా" అని ఏడుస్తోంది. ఈ దేశంలో శ్రీసభ (కథోలిక చర్చి) పని అయిపోయినట్టేనా? నా బిడ్డని ఇందులో పెంచడం సరైనదేనా?
— ఒక పాఠకురాలు, ఐర్లండ్

జవాబు:

తల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నిన్ను నిద్రపోనివ్వనిది నీ స్నేహితురాలు అడిగిన మాటే అనిపించింది. అందుకే అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

ఆమెకి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయానని బాధపడకు. "చెడ్డవాళ్ళు అన్ని మతాల్లోనూ ఉంటారు", "అవన్నీ ఎప్పటివో పాత సంగతులు" అనే మాటలు మన నాలుక చివర ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. అవి మాత్రం ఆమె దగ్గర అనొద్దు. అక్కడ జరిగింది ఒకరిద్దరు ఫాదర్లు దారి తప్పడం కాదు. 2009లో రెండు పెద్ద దర్యాప్తు నివేదికలు వచ్చాయి. మేలో వచ్చిన రయన్ నివేదిక, సన్యాస సభలు నడిపిన బోర్డింగు బడుల్లో పేద పిల్లల్ని దశాబ్దాల తరబడి ఎలా హింసించారో చెప్పింది. నవంబరులో వచ్చిన మర్ఫీ నివేదిక డబ్లిన్ అగ్రపీఠం (ఆర్చ్‌డయోసిస్) గురించి. పిల్లల్ని పాడుచేసిన గురువులెవరో బిషప్పులకి తెలుసు. తెలిసీ చాలాకాలం పోలీసుల దాకా పోనివ్వలేదు. శ్రీసభ పరువు పోకూడదనుకున్నారు తప్ప, ఆ పిల్లల గతి ఏమిటని ఆలోచించలేదు.

ఇంకా ఉంది. మగ్దలీన్ లాండ్రీలని ఉండేవి. ఇంటికో ఊరికో బరువనిపించిన ఆడపిల్లల్ని సిస్టరమ్మల చేతికిచ్చేవాళ్ళు. అక్కడ వాళ్ళు జీతం లేకుండా బట్టలుతుకుతూ బతికారు. వాటిలో ఆఖరిది మూతపడింది 1996లో. నువ్వు అప్పటికి పుట్టే ఉంటావు. 2013 ఫిబ్రవరిలో ప్రధాని ఎండా కెన్నీ పార్లమెంటులో నిలబడి ఆ స్త్రీలకి ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పారు. గాల్వే కౌంటీలో ట్యూమ్ అనే ఊరుంది. అక్కడ పెళ్ళికాని తల్లుల కోసం నడిపిన ఆశ్రమంలో 1925 నుంచి 1961 మధ్య 796 మంది పిల్లలు చనిపోయారని క్యాథరీన్ కార్లెస్ అనే స్థానిక చరిత్రకారిణి మరణ ధ్రువపత్రాలు ఒక్కొక్కటే తెప్పించి లెక్క తేల్చింది. వాళ్ళని పాతిపెట్టిన రికార్డు మాత్రం దొరకలేదు. ఆ చోట తవ్వి ఎముకలు వెలికితీసే పని 2025లో మొదలైంది. మీ వార్డులో పక్కన నిలబడి మందులిచ్చే ఆ స్నేహితురాలి ఇంట్లో, మేనత్తో పిన్నమ్మో, ఆ గోడల వెనక ఉండి ఉండవచ్చు. నీకు తెలియదు. అందుకే ఆమె మాటని నీ విశ్వాసం మీద దాడి అనుకోవద్దు.

మా అమ్మాయి అక్కడే ఉంటుంది. పురుడు పోయడానికని వెళ్ళి ఆరు నెలలున్నాను. వాళ్ళ వీధి చివరి గుడి తాళాలు ఎనభై దాటిన ఒకావిడ దగ్గర ఉండేవి. పొద్దున్నే వచ్చి తలుపు తీసి, పీఠం మీద గుడ్డ సరిచేసి, నిన్నటి పువ్వుల్లో వాడినవి ఏరి, మంచివి మళ్ళీ నీళ్ళలో పెట్టేది. ఒకరోజు టీకి పిలిచింది. గోడ మీద ఇద్దరు అక్కచెల్లెళ్ళ ఫోటో ఉంది. "మా చెల్లెలు యాభై ఏళ్ళుగా గుడి గడప తొక్కలేదు. నేను ఒక్క ఆదివారం మానలేదు. ఇద్దరిదీ ఒకే కారణం" అంది. ఏమిటా కారణమని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. చెల్లెలు ప్రతి ఆదివారం కారులో ఆవిణ్ణి గుడి దగ్గర దింపి, పూజయ్యేదాకా బయటే కూర్చుని, మళ్ళీ ఇంటికి తీసుకెళ్తుందట. ఐర్లండ్ గురించి తలుచుకుంటే నాకు మొదట గుర్తొచ్చేది ఆ కారే.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న, శ్రీసభ పని అయిపోయిందా అన్నది. దీనికి కొంచెం వెనక్కి వెళ్ళాలి. కాస్త ఓపిక పట్టు.

ఆ దేశంలో కథోలికులు మొదట్నుంచీ పెద్దపీట మీద కూర్చున్నవాళ్ళేం కాదు. ఇంగ్లండు పాలనలో పీనల్ చట్టాలుండేవి. కథోలికుడికి ఓటు లేదు, పదవి లేదు, భూమి కొనే హక్కు లేదు. బహిరంగంగా పూజ చేసుకునే వీల్లేని రోజుల్లో కొండవాగుల్లో బల్లపరుపు బండ ఒకటి చూసుకుని, దాన్నే పీఠం చేసుకుని, ఎత్తు మీద ఒకణ్ణి కాపలా నిలబెట్టి పూజలు జరుపుకున్నారు. ఆ బండలు ఇప్పటికీ ఉన్నాయి. ఒకదాని దగ్గరికి మా అల్లుడు తీసుకెళ్ళాడు. నాచు పట్టి, మధ్యలో వాననీళ్ళు నిలిచి, చిన్న శిలువ గుర్తు చేతికి తగిలీ తగలనట్టు ఉంది. దాని మీద చెయ్యి పెడితే మా తాత గుర్తొచ్చాడు. ఆయన కూలికెళ్ళి వచ్చి, పూరిపాకలో లాంతరు పెట్టుకుని జపమాల చెప్పించేవాడు.

ఆ బీదవాళ్ళే 1820లలో డేనియల్ ఓకానెల్ వెనక కదిలారు. నెలకి ఒక పెన్నీ చందా. గుడి గుమ్మం దగ్గర ఆ పెన్నీలు పోగుచేసి, సంఘం కట్టి, చివరికి 1829లో పార్లమెంటులో కూర్చునే హక్కు సాధించుకున్నారు. ఒక్క తుపాకీ పేలకుండా సామాన్య జనం చందాతో నడిచిన ఉద్యమం అది. ప్రజాస్వామ్యానికి శ్రీసభ శత్రువని ఎవరైనా అంటే ఆ పెన్నీ సంగతి చెప్పు. ఐర్లండ్‌లో సామాన్యుడు ఓటు రాజకీయం నేర్చుకున్నది గుడి గుమ్మంలోనే.

1922లో స్వతంత్రం వచ్చింది. కొత్త ప్రభుత్వం దగ్గర డబ్బు లేదు. బళ్ళు, ఆసుపత్రులు, అనాథాశ్రమాలు అప్పటికే శ్రీసభ చేతిలో ఉన్నాయి, అలాగే ఉంచేసింది. 1937 రాజ్యాంగంలో కథోలిక శ్రీసభకి "ప్రత్యేక స్థానం" రాసిచ్చారు. విడాకులు నిషేధించారు. ఆ అధికారం ఎంత దూరం పోయిందో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. 1951లో నోయల్ బ్రౌన్ అనే ఆరోగ్యమంత్రి తల్లులకీ, పదహారేళ్ళలోపు పిల్లలకీ ఉచిత వైద్యం ఇస్తానన్నాడు. కుటుంబం విషయంలో ప్రభుత్వ జోక్యమేమిటని బిషప్పులు అడ్డం తిరిగారు, డాక్టర్ల సంఘం కూడా కాదంది. మంత్రివర్గం తలొంచింది. ఆయన రాజీనామా చేసి, ఉత్తరాలన్నీ పత్రికలకిచ్చేశాడు. బాలింతకి మందు దొరకాలా వద్దా అన్నది ఓటేసిన జనం కాక బిషప్పులు తేల్చారు. బండ మీద దాక్కుని పూజ చేసుకున్నవాళ్ళ మనవలే తల్లుల మందుకి అడ్డుపడ్డారంటే ఇప్పటికీ నాకు దుఃఖం వస్తుంది.

సవితా హలప్పనవార్ పేరు నీకు తెలియకుండా ఉండదు. మన పక్క రాష్ట్రం కర్ణాటక అమ్మాయి. గాల్వేలో 2012 అక్టోబరులో, గర్భం నిలవదని తేలాక కూడా, పిండం గుండె ఇంకా కొట్టుకుంటోందని గర్భస్రావం చేయలేదు. ఒంట్లో విషం ఎక్కి 31 ఏళ్ళకే పోయింది. "ఇది కథోలిక దేశం" అని ఆమెతో అన్న మాట తర్వాత విచారణలో ఖాయమైంది. పుట్టని బిడ్డ విషయంలో శ్రీసభ బోధనే నేను నమ్ముతాను, అది దాచను. అయినా ఆ మాట చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. మన విశ్వాసం పేరు చెప్పి, మన విశ్వాసం కాని ఒక పరాయి అమ్మాయిని చావు దగ్గరికి నెట్టే హక్కు ఎవరికుంది?

తర్వాత జరిగింది నీకు తెలుసు. 1995లో విడాకుల మీద ఓటింగ్‌లో తొమ్మిది వేల చిల్లర ఓట్ల తేడాతో "సరే" గెలిచింది. 2015 మేలో ఒకే లింగం వాళ్ళ పెళ్ళికి 62 శాతం, 2018 మేలో గర్భస్రావం మీదున్న నిషేధం తీసేయడానికి 66 శాతం. 1979 సెప్టెంబరులో పోప్ రెండవ జాన్ పాల్ వస్తే డబ్లిన్ ఫీనిక్స్ పార్కుకి పది లక్షలకి పైగా జనం వచ్చారు, అంటే దేశంలో దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరు. 2018 ఆగస్టులో పోప్ ఫ్రాన్సిస్ అదే పార్కుకి వస్తే అందులో కొద్ది భాగమే.

ఇక్కడొకటి గమనించు. 2016 జనాభా లెక్కల్లో 79 శాతం, 2022లో 69 శాతం తమను కథోలికులమనే రాయించుకున్నారు. దేశంలో పదిమందిలో ఎనిమిది మంది కథోలికులైతే, 62 శాతం "సరే" ఎక్కణ్ణుంచి వచ్చింది? కథోలికులమని రాయించుకుంటూనే పోలింగ్ బూత్‌కి వెళ్ళి బిషప్పుగారి మాటకి వ్యతిరేకంగా ఓటేసినవాళ్ళు లక్షల్లో ఉన్నారు. వాళ్ళు దేవుణ్ణి వదిలారనుకోను. తమ ఓటు తామే వేసుకుంటామన్నారు. 2015 ఫలితం వచ్చిన రోజున డబ్లిన్ అగ్రపీఠాధిపతి డర్మిడ్ మార్టిన్ కూడా కోప్పడలేదు. శ్రీసభ వాస్తవాన్ని కళ్ళు తెరిచి చూసుకోవాలన్నారు.

శ్రీసభ స్వయంగా ఎప్పుడో ఒప్పుకున్న సంగతే ఇది. ప్రపంచంలోని బిషప్పులంతా కూడిన రెండో వాటికన్ మహాసభ 1965 డిసెంబరు 7న మతస్వేచ్ఛ మీద ప్రకటన చేసింది. విశ్వాసం విషయంలో ఎవర్నీ బలవంతపెట్టకూడదని, అది మనిషి గౌరవానికి సంబంధించిన హక్కని అందులో ఉంది. ఏడేళ్ళకి, 1972లో, ఐర్లండ్ రాజ్యాంగంలో ఉన్న "ప్రత్యేక స్థానం" తీసెయ్యడానికి ఓటింగ్ పెడితే 84 శాతం ఒప్పుకున్నారు. అప్పటి కార్డినల్ కాన్వే, ఆ వాక్యం పోతే నేనొక్క కన్నీటిచుక్క కూడా కార్చనని ముందే చెప్పాడు. కాగితం మీద అధికారం అంత తేలిగ్గా పోయింది. బళ్ళలో, ఆశ్రమాల్లో, మనుషుల భయంలో ఉన్నది పోవడానికి ఇంకో నలభై ఏళ్ళు పట్టింది.

కాబట్టి నా జవాబు ఇది: అక్కడ కూలింది సింహాసనం. అది కూలిపోవడం మంచిదని నేను మనస్ఫూర్తిగా అంటున్నాను. కానీ ఆ కూలినదాని కింద మంచివి కూడా కొన్ని నలిగాయి. ఒంటరి ముసలివాళ్ళకి వారానికొకసారి నలుగురు ముఖాలు కనపడే చోటు మూతపడితే బదులుగా ఇంకేదీ రాలేదు. అందుకు నాకు బాధగానే ఉంటుంది. ఫాదర్లని తయారుచేసే మేనూత్‌లోని సెమినరీ ఒకప్పుడు వందల మంది విద్యార్థులతో కిటకిటలాడేది, ఇప్పుడు కొద్దిమందే. ఉన్న ఫాదర్లు ముసలివాళ్ళయ్యారు. మూడు నాలుగు గుళ్ళకి ఒకరే. కొన్నిచోట్ల మరణ ప్రార్థనలు శిక్షణ పొందిన మామూలు గృహస్థులు, ఆడవాళ్ళు నడిపిస్తున్నారు. 2022 జూన్‌లో అత్లోన్‌లో దేశం నలుమూలల నుంచి విశ్వాసులు కూడి, అత్యాచారాల గాయం గురించి, ఆడవాళ్ళకి శ్రీసభలో స్థానం గురించి బిషప్పుల ఎదురుగానే మాట్లాడారు. 2023 అక్టోబరులో రోములో జరిగిన సినడ్‌లో (బిషప్పుల సభలో) మొట్టమొదటిసారి స్త్రీలకి ఓటు వచ్చింది. ఇవి చాలవు. కానీ మొదలయ్యాయి. ముందుముందు అక్కడ ఉండబోయేది చిన్న శ్రీసభ. అలవాటుకొద్దీ వచ్చేవాళ్ళు తగ్గిపోయి, కావాలని ఎంచుకుని వచ్చేవాళ్ళు మిగులుతారు. అందులో నీలాంటి పరదేశులు చాలామంది ఉంటారు.

చిన్న శ్రీసభగా బతకడం మనకి కొత్తా చెప్పు? మన పల్లెల్లో ఫాదర్‌గారు నెలకోసారి వస్తే గొప్ప. మిగతా రోజులు ఉపదేశి ప్రార్థన చెప్పించేవాడు. మన వెనక ఏ ప్రభుత్వమూ లేదు. పైగా కథోలికులైనందుకు దళితులు పోగొట్టుకున్నదే ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకి ఎస్సీ హోదా లేదు, ఇప్పటికీ లేదు. అయినా గుడి నిలబడింది. నువ్వు ఆ ఖాళీ బెంచీ మీద కూర్చున్నప్పుడు, ఓడిపోయిన సైన్యంలో మిగిలిపోయినదానిలా కూర్చోకు. అధికారం లేకుండా ప్రార్థన చేసుకోవడం మీ అమ్మ దగ్గర నేర్చుకుని వచ్చావు. ఆ గుడికి ఇప్పుడు కావలసింది అదే.

అట్లాగని మనవాళ్ళం ఐర్లండ్ వాళ్ళకి నీతులు చెప్పే స్థితిలో లేం. మన దగ్గర ఇంకా "ఫాదర్‌గారు చెప్పారు" అంటే ఎదురు ప్రశ్న ఉండదు. గుడి లెక్కలు అడిగినవాణ్ణి అవిశ్వాసి అంటారు. కొన్ని ఊళ్ళలో సమాధుల తోట కూడా కులాన్నిబట్టి వేరు. పూల అంతోనిగారు 2022 ఆగస్టులో కార్డినల్ అయ్యారు. మొదటి దళిత కార్డినల్, మొదటి తెలుగు కార్డినల్. ఆ రోజు మనం చప్పట్లు కొట్టాం, నేనూ ఏడ్చాను. కానీ ఆ రాత్రికి ఏ ఊళ్ళోనూ సమాధుల తోట గోడ కూలలేదు. ప్రశ్నించకూడని గౌరవం చివరికి ఎక్కడికి తీసుకెళ్తుందో ఐర్లండ్ చూపించింది. మన మేత్రాసనాలు (డయోసిస్‌లు) ఆ పాఠం ఇప్పుడే, మన పిల్లల కోసం నేర్చుకోవాలి.

ఇక నీ ఇంటి సంగతి. బాబుకి సత్ప్రసాదం ఇప్పించు. కానీ క్లాసులో అందరూ తీసుకుంటున్నారని మాత్రం వద్దు. అక్కడ ఆ రోజంటే తెల్లబట్టలు, కవర్లలో డబ్బులు, పెరట్లో గాలి నింపిన ఆటకోట, చాలామంది పిల్లలకి మళ్ళీ గుడి మొహం కనపడేది ఎప్పుడో. నాన్న, అమ్మ, బాబు ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోండి. మీవారికి ఇష్టం లేకపోతే బలవంతపెట్టకు. బాబుకి ఇంకో ఏడాది టైమ్ కావాలంటే ఇవ్వు, సత్ప్రసాదానికి గడువేమీ లేదు. అక్కడి ప్రాథమిక బళ్ళలో పదింటిలో దాదాపు తొమ్మిది కథోలిక యాజమాన్యానివే. అయినా ప్రభుత్వ డబ్బు తీసుకునే బడిలో మత బోధనకి కూర్చోకుండా చదువుకునే హక్కు పిల్లవాడికి రాజ్యాంగమే ఇచ్చింది. ఏ నిర్ణయం తీసుకున్నా వాడి చదువుకి ముప్పు లేదు. ఆ భయం మాత్రం మనసులోంచి తీసెయ్యి.

ఇంకొకటి తప్పకుండా చెయ్యి. గుడి గుమ్మంలో నోటీసు బోర్డు ఉంటుంది. బాలల రక్షణ చూసే ప్రతినిధి పేరు, ఫోన్ నంబరు అక్కడ రాసి ఉండాలి. ఉందో లేదో చూడు. పిల్లలకి పాటలు, పాఠాలు నేర్పేవాళ్ళందరికీ పోలీసు తనిఖీ అయిందా అని ఫాదర్‌గారిని అడుగు. మన దేశం ఆయనే కదా అని మొహమాటపడకు. మంచి గురువైతే ఆ ప్రశ్నకి సంతోషిస్తాడు. బాబుకి కూడా చెప్పు: ఎవరైనా, ఫాదర్‌గారైనా సరే, ఒంటరిగా రమ్మంటే, ఏదైనా అమ్మకి చెప్పొద్దంటే, అదే ముందు అమ్మకి చెప్పాలని.

అమ్మకి ఫోన్ చేసినప్పుడు, ఇక్కడ గుడి ఖాళీగా ఉందని కాకుండా, ఆ నలభై మందిలో నీ పక్కన ఎవరు కూర్చుంటారో చెప్పు. పక్కన కూర్చునే ముసలావిడ పేరు చెప్పు, ఆమె మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పు. మీ అమ్మ తరం వాళ్ళకి శాతాలు అక్కర్లేదు, ఎవరి కోసం ప్రార్థించాలో పేరు కావాలి.

నీ స్నేహితురాలి దగ్గరికి మళ్ళీ వెళ్ళు. "ఆ రోజు నువ్వడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. నీకు చెప్పాలనిపిస్తే వింటాను" అను, అంతే. ఆమె చెప్పడం మొదలుపెడితే మధ్యలో మాట్లాడకు. చెప్పకపోతే వదిలెయ్యి. మే నెలలో ఆమెని గుడికి రమ్మని అడగొద్దు. మధ్యాహ్నం ఇంటికి భోజనానికి పిలువు. ఆమె కోసం కోడికూర కారం తగ్గించి వేరేగా వండు, బాబు చేతే వడ్డించు.